స్టీరింగు విద్య: నెల్లూరు తీరంలో క్లీనరు నుంచి డ్రైవరు దాకా

నెల్లూరు తీరంలో సరకును దూరప్రాంతాలకు చేరవేసే విద్యను పేద కుటుంబాల పిల్లలు చాలాకాలం పాటు డబ్బు చెల్లించి కాక, తెలిసినవారి పక్కన చాకిరీ చేసి సంపాదించుకున్నారు. మోటారు బండి రాకముందు ఈ తీరానికి ప్రధాన రవాణా మార్గం బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు వద్ద తవ్వకం మొదలైన ఈ జలమార్గంలో కొంత భాగాన్ని 1876-78 నాటి మహాక్షామంలో కరువు పనుల కింద తవ్వించగా, అప్పటి గవర్నరు పేరే దానికి స్థిరపడింది. సుమారు 420 కిలోమీటర్ల ఈ కాలువలో 257 కిలోమీటర్లు నేటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవలకెక్కి దీని మీదుగానే మద్రాసు చేరేవి. పడవ నడపడం నేర్పే బడి ఏదీ లేదు కనుక గెడ వేయడం, తాడు పట్టి లాగడం, గాలివాలు చూసి తెరచాప తిప్పడం వంటి పనులన్నీ పెద్దల వెంట తిరిగి నేర్చుకోవలసినవే.

1899లో మద్రాసును బెజవాడతో కలిపిన రైలుమార్గం పడవల వ్యాపారాన్ని తగ్గించగా, ఆ తరువాత లారీలు వచ్చి మిగిలిన సరకును కూడా రోడ్డెక్కించాయి. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పాత రాజమార్గం, అంటే తరువాత అయిదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా సాగడం వల్ల ఈ ప్రాంతపు బియ్యం, గూడూరు నిమ్మకాయలు, అభ్రకం, ఆపైన చెరువుల రొయ్యలు లారీల మీద దూరదేశాలకు వెళ్లాయి. పడవ మీద ఉన్న శిష్యరికమే లారీ మీద క్లీనరు పనిగా రూపుదాల్చింది.

క్లీనరు అంటే పేరుకు బండి తుడిచేవాడే అయినా, అతని పని అంతటితో ఆగదు. టైర్లలో గాలి చూడడం, స్టెప్నీ మార్చడం, లోడుపై టార్పాలిను కప్పి తాళ్లు బిగించడం, బండి వెనక్కి వచ్చేటప్పుడు కేకవేసి దారి చూపడం, ఏటవాలులో చక్రం కింద అడ్డు పెట్టడం అతని బాధ్యతలే. వీటికి ప్రతిఫలంగా తిండి, కొద్దిపాటి బత్తా (అంటే దినభత్యం), అన్నిటికన్నా మించి డ్రైవరు పక్కన కూర్చునే చోటు దక్కేవి. గేరు ఎప్పుడు మారుతుందో, క్లచ్చి ఎంత తొక్కాలో, బరువుతో ఉన్న బండి ఎంత దూరంలో ఆగుతుందో చూసి చూసి కంటికి పట్టిన తరువాత, రద్దీ లేని రాత్రివేళ డ్రైవరు అతని చేతికి స్టీరింగు ఇచ్చేవాడు. ఈ విద్యకు రొక్కం ఖర్చు లేకపోయినా ఏళ్ల వయసు ఖర్చయ్యేది. గురువు మంచివాడైతే విద్య, కాకపోతే తిట్లు, దెబ్బలు మిగిలేవి.

చట్టం ఈ ఆచారాన్ని మొదటినుంచీ అదుపు చేయడానికే ప్రయత్నించింది. 1914 నాటి మోటారు వాహనాల చట్టం లైసెన్సును తప్పనిసరి చేయగా, 1939, 1988 చట్టాలు దానిని విస్తరించాయి. 1989 జూలై 1 నుంచి అమలులో ఉన్న ప్రస్తుత చట్టం ప్రకారం నేర్చుకునేవారు ముందుగా జనం ఎల్‌ఎల్‌ఆర్ అని పిలిచే లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. ఆరు నెలలు చెల్లే ఆ పత్రం చేతికొచ్చిన 30 రోజుల తరువాతే పరీక్షకు హాజరు కావచ్చు. ఆలోగా ‘ఎల్’ అక్షరం కట్టిన బండిలో లైసెన్సు ఉన్నవాడు పక్కన కూర్చుని నేర్పాలి. రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలి, తేలికపాటి వాహనపు లైసెన్సు ఏడాదిగా ఉండాలి. అంటే లైసెన్సు లేని క్లీనరు చేతికి స్టీరింగు ఇచ్చే పాత ఆచారం చట్టం దృష్టిలో నేరం.

డ్రైవింగ్ స్కూలు ఇదే నిబంధనల నీడలో పెరిగింది. గురువు కాలి కింద కూడా బ్రేకు ఉండే జంట అదుపు బండ్లు స్కూళ్లకు తప్పనిసరి కాగా, కారు నేర్పడానికి కనీసం 21 రోజుల వ్యవధి, అందులో 10 గంటల వాస్తవ నడక ఉండాలని, రవాణా వాహనానికైతే 30 రోజులు, 15 గంటలు కావాలని నిబంధనలు నిర్ణయించాయి. ఏళ్ల తరబడి సాగిన శిష్యరికం ఇలా కొన్ని వారాలకు కుదించుకుపోయింది. అయితే రుసుము కట్టలేని యువకుడికి క్లీనరు దారి ఒక్కటే మిగిలింది. రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత కోరే నియమమూ 2019లో తొలగించేదాకా చదువుకోని వారికి అడ్డుగోడగా నిలిచింది.

2008లో కృష్ణపట్నం రేవు కొత్తగా పనిచేయడం మొదలుపెట్టాక తీరప్రాంతంలో బరువు బండ్ల రాకపోకలు పెరిగి, నేర్పున్న డ్రైవరు అవసరమూ పెరిగింది. తేలికపాటి వాహనపు లైసెన్సుతోనే సరకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పడం, చిన్న వ్యాను నడిపి బతకదలచిన పేదవాడికి ఖర్చునూ కాలాన్నీ తగ్గించే నిర్ణయం.

ఈ చరిత్ర మొత్తం చెప్పేది ఒకటే. చౌకగా నేర్చినవాడు కాలాన్ని చెల్లించాడు, త్వరగా నేర్చినవాడు రొక్కాన్ని చెల్లించాడు. పది గంటల్లో బండి అదుపులోకి వస్తుందేమో గాని, వానలో తడిసిన రోడ్డు మీద నిండు లోడుతో ఎప్పుడు నెమ్మదించాలో చెప్పే వివేకం క్లీనరు సీటులో గడిచిన రాత్రుల నుంచే వచ్చింది. ఆ వివేకాన్ని నిలుపుకొంటూనే, ఆ రాత్రులకు తగిన జీతం, చట్టబద్ధమైన ఎల్‌ఎల్‌ఆర్, పేదవాడికి అందే రుసుము సమకూర్చడం ఈ తీరపు బాకీగా మిగిలి ఉంది.