మిచిగానా, మిషిగనా? విదేశీ సరస్సుల పేర్లు ఇంగ్లీషులో ఎలా పలకాలి

చోడవరం: మన ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే అందులో ఉన్నది ‘డ’నా, ‘ద’నా అన్నది తెలియదు. రెండింటికీ అక్షరం ఒక్కటే. బోర్డు చూసి బయటివాళ్లెవరైనా ‘చోదవరం’ అంటే మనం నవ్వి సరిచేస్తాం. అమెరికా వెళ్లిన మన పిల్లలు ‘మిచిగాన్’ అన్నప్పుడు జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ తడబడేది మనం. ఇది తెలివితక్కువతనం కాదు, స్పెల్లింగు చేసే మోసం. పేరు ఏ భాష నుంచి వచ్చిందో తెలిస్తే సగం చిక్కు తీరిపోతుంది.

మిషిగన్ ఎందుకయింది?

ఉత్తర అమెరికాలోని 5 మహా సరస్సుల్లో పూర్తిగా అమెరికాలోనే ఉన్నది మిషిగన్ ఒక్కటే. విస్తీర్ణం సుమారు 58 వేల చదరపు కిలోమీటర్లు. అక్కడి ఆదివాసుల ఒజిబ్వే భాషలో ‘పెద్ద నీరు’ అనే అర్థమున్న మాట నుంచి ఈ పేరు వచ్చింది. దాన్ని ఈ స్పెల్లింగుతో రాసింది ఫ్రెంచివాళ్లు. ఫ్రెంచిలో సీ, హెచ్ కలిస్తే ‘ష’ అవుతుంది. ఇంగ్లీషువాళ్లు ఆ స్పెల్లింగునూ, ఆ పలుకునూ అలాగే ఉంచుకున్నారు. దాని ఒడ్డునే ఉన్న షికాగో సంగతీ అంతే. తెలుగులో ‘చికాగో’ అలవాటైపోయింది, అలా రాస్తే తప్పేం లేదు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ‘ష’ అనాలి.

ఉర్దూ వచ్చినవాళ్లకు సులువు

పాకిస్తాన్‌లోని కాగాన్ లోయలో, 3 వేల మీటర్లకు పైగా ఎత్తులో సైఫుల్ ములూక్ సరస్సు ఉంది. ఇంగ్లీషులో కొందరు ‘మలూక్’ అని చదివేలా రాస్తారు. ‘ములూక్’ అంటే రాజులు, ‘మలిక్’కు బహువచనం. ‘సైఫ్’ అంటే కత్తి. అర్థం తెలిసినవాళ్లకు పలుకు తప్పదు.

స్కాట్లండ్‌లో సరస్సును ‘లాఖ్’ అంటారు. లాఖ్ నెస్ పేరు చాలామంది విన్నదే. దాని చివర ఉన్నది ‘ఖబర్’లో వచ్చే ఖే శబ్దం. చాలామంది ఇంగ్లీషువాళ్లకు అది నోరు తిరగక ‘లాక్’ అనేస్తారు. మనకు ఆ ఇబ్బంది లేదు.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీనగర్ సరస్సును తెలుగులో తరచూ ‘దాల్ సరస్సు’ అని రాస్తుంటారు. అది పప్పు కాదు! ఉర్దూలో ఆ పేరును దాల్ అక్షరంతో కాదు, డాల్ అక్షరంతో రాస్తారు. ‘డల్ ఝీల్’ అనాలి.

లేక్ ముందా, వెనకా?

ఇంగ్లీషులో పెద్ద విదేశీ సరస్సులకు ‘లేక్’ సాధారణంగా ముందొస్తుంది: లేక్ మిషిగన్, లేక్ విక్టోరియా. మన దేశంలోవాటికి ఎక్కువగా వెనక పెడతారు: చిలికా లేక్, డల్ లేక్. ఒక్క సరస్సు పేరుకు ముందు ‘ద’ అనే ఆర్టికల్ మామూలుగా పెట్టరు. ‘ద గ్రేట్ లేక్స్’ అని బహువచనంలో అయితే పెట్టాలి.

కొన్నిటికి రెండేసి పేర్లుంటాయి. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న సరస్సును ఫ్రెంచివాళ్లు ‘లెమాన్’ అంటారు, ఇంగ్లీషులో అది లేక్ జెనీవా. రెండూ ఒప్పే. ఏ భాషలో మాట్లాడుతుంటే ఆ భాషలో స్థిరపడిన పేరు వాడాలి.

సరస్సుకే సరస్సు

ఆఫ్రికాలోని ‘చాద్’ పేరుకు అక్కడి భాషలో పెద్ద నీటి విస్తీర్ణం, అంటే సరస్సు అనే అర్థం. కిర్గిజ్‌స్తాన్‌లోని ‘ఇస్సిక్ కుల్’లో కుల్ అంటే సరస్సు. కశ్మీరీలో డల్ అన్నా అంతే. వీటికి ‘లేక్’ చేరిస్తే సరస్సు సరస్సు అన్నట్టే. అయినా ఇంగ్లీషులో అదే వాడుక, దాన్ని తప్పు అనరు.

మన దగ్గరా అదే జరుగుతోంది. 2022 ఏప్రిల్ 4న విశాఖ నుంచి వేరుపడిన అనకాపల్లి జిల్లాలోకి చోడవరం వచ్చింది. అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల ఆవ ఉన్నదీ ఈ జిల్లాలోనే. పక్షులకూ, తాటి దోనెలకూ పేరున్న చోటు అది. ‘ఆవ’ అంటే నీళ్లు నిలిచే పల్లపు చోటు. అది తెలియనివాళ్లు ‘కొండకర్ల ఆవ లేక్’ అంటారు. ఇంకా కుదించి ‘కొండకర్ల లేక్’ అనేస్తే అసలు మాటే ఎగిరిపోతుంది. విదేశీయులైతే ఇంగ్లీషు అక్షరాలు చూసి దాన్ని ‘ఏవా’ అని చదివే వీలుంది, ఎందుకంటే అదే స్పెల్లింగుతో అక్కడ ఆడపిల్లల పేరు ఉంది.

అందుకే కొత్త పేరు కనిపిస్తే స్పెల్లింగును నమ్ముకోకుండా ఒకసారి ఆ దేశం వాళ్ల నోట వినాలి. వినే వీలు లేకపోతే అడగాలి, అడగడంలో చిన్నతనమేం లేదు. మన ఆవను ఎవరైనా ‘ఏవా’ అన్నప్పుడు ఓపిగ్గా చెప్పాల్సిన బాధ్యత కూడా మనదే.