సూక్ష్మనాళికల్లో శైవల కణాల ఛేదనం

జీవ ఇంధనం కోసం పెంచే సూక్ష్మశైవలాల్లో నూనె కణం లోపల ఉంటుంది. దాన్ని రాబట్టడంలో మొదటి అడ్డంకి కణకవచం. నువ్వుల్ని గానుగాడినట్టు వీటిని ఆడలేం. నానోక్లోరాప్సిస్ కణం 2 నుంచి 4 మైక్రోమీటర్లే; దాని పైపొర ఆమ్లాలకూ క్షారాలకూ లొంగదు. కవచమే లేని డునాలియెల్లా మాత్రం మంచినీట్లో వేస్తే చాలు, పగిలిపోతుంది.

బలప్రయోగంతో కణాలను చీల్చడం కొత్తేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త స్టేసీ ఫ్రెంచ్ పేరిట వచ్చిన ఫ్రెంచ్ ప్రెస్ 1950 నాటికే కిరణజన్యసంయోగక్రియ పరిశోధనల్లో ఉంది. కణాలున్న ద్రవాన్ని గట్టి పీడనంతో సన్నని సందులోంచి నెడితే, అవతల పీడనం ఒక్కసారిగా పడిపోయి కణాలు చిట్లుతాయి. కణాలను సన్నని సూక్ష్మనాళికల్లోంచి పంపి చీల్చే పద్ధతికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

ప్రయోగశాలను చిన్న పలక (చిప్) మీదికి కుదించాలన్న ఆలోచనను 1990లో ఆండ్రియాస్ మాంజ్ బృందం ముందుకు తెచ్చింది. 2003లో బర్క్లీలో డినో డి కార్లో, లూక్ లీ తదితరులు నాళిక గోడలకు నానోమీటర్ల స్థాయి ముళ్లు చెక్కారు. ఇరుకు దారిలో దూరే కణాన్ని ఆ ముళ్లే చీల్చాయి, రసాయనాల అవసరం లేకుండా. మరుసటి ఏడాది మార్క్ మదూ బృందం తిరిగే సీడీలో పూసల రాపిడితో ఈస్టు కణాలను సైతం పగలగొట్టింది. ఇవన్నీ జీవకణాల విశ్లేషణ కోసం చేసినవి, ఇంధనం కోసం కాదు.

ఇంధనం వైపు ఆశ పెంచిన లెక్క 2013లో అడిలైడ్ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు టెట్రాసెల్మిస్ అనే శైవలపు కణాలను పరమాణు బల సూక్ష్మదర్శిని మొనతో ఒక్కొక్కటిగా నొక్కి చూశారు. కిలో ఎండు శైవలానికి సగటున 673 జౌళ్లు సరిపోతాయని తేలింది. వాడుకలోని యంత్రాల్లో పొదుపైనది కూడా సుమారు లక్ష రెట్లు ఎక్కువ శక్తి తింటోంది! ఆ శక్తిలో అధికభాగం కణాలకు తగలకుండా నీటిని కదపడానికి, వేడెక్కించడానికి పోతుంది. ప్రతి కణాన్నీ ఇరుకు దారిలోంచి పంపితే ఈ వృథా తగ్గాలి. సూక్ష్మనాళికలకు ఉన్న అసలు బలం ఇదే.

2014లో కొరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు శైవలాల పెంపకం నుంచి కొవ్వు తీయడం దాకా ఒకే చిప్‌లో జరిపారు. అయితే కొవ్వును ద్రావణితో తీశారు, యంత్రబలంతో కాదు.

చిక్కంతా పరిమాణంలో ఉంది. లీటరు చెరువు నీటిలో శైవలం ఒక గ్రాము ఉందనుకుంటే, కిలోకు 1000 లీటర్లు కావాలి. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున నడిచే నాళికకు అందుకు 694 రోజులు పడుతుంది. వేల నాళికలను పక్కపక్కనే పేర్చవచ్చు గానీ, ఏ ఒక్కటి పూడుకుపోయినా ప్రవాహం మిగతావాటిలోకి మళ్లుతుంది. పైగా చిప్‌లకు ఎక్కువగా వాడే సిలికోన్ రబ్బరు పీడనానికి ఉబ్బి దారిని వెడల్పు చేస్తుంది. గట్టి కవచమున్న కణాలు అందులోంచి చెక్కుచెదరకుండా జారిపోతాయి.