గుంజితె బతికె, నూకితె సచ్చె

దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ, పత్తికట్టె మంట జల్దిన ఆరిపోతది. మన ఆదిలాబాద్ చలికి మనుషులకె పండ్లు కొట్టుకుంటయి. ఇగ పాత అంబాసిడర్ బండ్లు ఎంత సతాయించేటియో చెప్త ఇనుండ్రి.

ఇప్పటి బండ్లల్ల ఎంత పెట్రోలు పోవాల్నో కంప్యూటరే లెక్క కడ్తది. అప్పుడు గా లెక్క మనమే కట్టాలె. చలికి పెట్రోలు సక్కగ ఆవిరి కాదు, చుక్కలు చుక్కలై మానిఫోల్డ్ గోడలకు అంటుకుంటది. ఇంజనుకు అందేది తక్కువైతది. గందుకె చోక్ గుంజాలె. పాత అంబాసిడర్ల ఉండే ఎస్.యు. కార్బురేటర్‌ల చోక్ గుంజితె జెట్ కిందికి దిగి పెట్రోలు ఎక్కువొస్తది. ఇంజను వేడెక్కుతున్నకొద్ది మెల్లమెల్లగ నూకాలె.

నేను షెడ్డుల పని నేర్చుకునేటప్పుడు ఒక డాక్టర్ సాబు బండొచ్చింది. పొద్దుగాల చోక్ గుంజితె నడుస్తది, జెర నూకంగనె గుడగుడమని సస్తది. పది నిమిషాలు ఎట్లనో నిలబెడ్తె ఇగ దినమంత గుర్రమే. నేను అన్నీ తెలిసినోని లెక్క జెట్ నట్టు తిప్పి పెట్రోలు పెంచిన. తెల్లారి బండి మంచిగనె నిలబడ్డది. నాలుగు దినాలకు మళ్ల షెడ్డుకొచ్చింది. ఎన్కనుంచి నల్లపొగ, ప్లగ్గులు మసిబొగ్గు, పెట్రోలు మస్తు తాగుతున్నదని సాబు గరం.

ఉస్తాద్ నన్ను తిట్టలె. "రోగం ఎప్పుడొస్తదిరా?" అన్నడు.

"పొద్దుగాల."

"మరి మందు దినమంత ఎందుకు తాగిపిస్తివి?"

నాకు నోట మాట రాలె.

నట్టును మళ్ల పాత జాగకు తెచ్చిండు. కార్బురేటర్‌ను మళ్ల ముట్టకముందు కరెంటు సంగతి చూసిండు. ఫీలర్ గేజ్ పెట్టి పాయింట్ల సందు 15 తౌ, ప్లగ్గు సందు 25 తౌ ఉన్నయని రూఢి చేసుకున్నడు; తౌ అంటె అంగుళంల వెయ్యో వంతు. చోక్ గుంజమని, జెట్ నిజంగ దిగుతున్నదా అని కిందికి వంగి చూసిండు. తీగ జారితె మనం గుంజినా అక్కడ ఏమీ కదలదు కద. అన్నీ సక్కగనె ఉన్నయి.

ఇంజను వేడెక్కినంక కార్బురేటర్ పిస్టన్‌ను వెంట్రుకంత పైకి లేపిండు. గట్ల లేపితె చప్పుడు పెరిగి పెరిగినట్టె ఉంటె పెట్రోలు ఎక్కువ, ఇంజను ఆగిపోతె తక్కువ. జెరంత పెరిగి మళ్ల కుదురుకుంటె లెక్క సరిగ్గున్నట్టు. గది కుదురుకున్నది.

"వేడిల తప్పు లేదు, చలిల ఉన్నది. అంటె వేడికి మూసుకునే సందు ఏదో ఉన్నది" అన్నడు.

తెల్లారి చల్లటి ఇంజను లేపి, మానిఫోల్డ్ అతుకు పొంట నూనె డబ్బాతోని ఒక్కొక్క చుక్క ఏసుకుంట పోయిండు. ఒక జాగల చుక్క పడంగనె గుడగుడ బందయి ఇంజను నున్నగ నడిచింది. నూనె లోపలికి గుంజుకపోంగనె మళ్ల గుడగుడ. గాస్కెట్ చిట్లి దొంగగాలి దూరి పెట్రోలు పాలు తగ్గుతున్నది! ఇనుము వేడెక్కి పెరిగితె గా సందు మూసుకుంటున్నది, గందుకె పగటిపూట రోగం కనవడలె. కొత్త గాస్కెట్ ఏసి, నట్లు నడిమి నుంచి అంచులకు బిగిచ్చినం. మరునాడు చోక్ నూకినా బండి ఆగలె.

అంబాసిడర్ల తయారీ 2014ల బందయింది. అయినా మీ ఇండ్లల్ల కార్బురేటర్ బైకులు ఇంక ఉన్నయి. పొద్దుగాల మొరాయిస్తె ముందుగాల తలుపులు తెరువుండ్రి, మూసిన అర్రల ఇంజను పొగ పానం తీస్తది. ఎప్పుడు ఆగుతున్నది, ఎప్పుడు బాగుంటున్నదని చూసుకోండ్రి. ఇగ స్క్రూ తిప్పేదే ఉంటె, అది ఎన్ని చుట్ల మీద ఉన్నదో ముందే లెక్కబెట్టి రాసిపెట్టుకోండ్రి.