శిష్టోచ్చారణము - ఉద్యోగశబ్దము

ఉచ్చారణగౌరవమును దెలుపు ఆంగ్లపదములలో ‘రిసీవ్డ్ ప్రొనన్సియేషన్’ ముఖ్యము. డేనియల్ జోన్సు తన ఉచ్చారణనిఘంటువున 1917లో ‘పబ్లిక్ స్కూల్’ ఉచ్చారణ మనినదానికే 1926లో ఈ పేరు గ్రహించెను. ఇచట ‘రిసీవ్డ్’ అనఁగా శిష్టసమ్మతము. ఆ శిష్టులో, ధనికుల పాఠశాలలయందుఁ జదివినవారు. మహాభాష్యకారుఁడు (6-3-109) శిష్టులకు ఆర్యావర్తనివాసముతోపాటు కుంభీధాన్యత్వమును, అలోలుపత్వమును లక్షణములుగాఁ జెప్పెను. కుండెడు ధాన్యముతోఁ దృప్తుఁడగువాఁడే వాక్కునకుఁ బ్రమాణము.

స్పృహణీయస్థానమును దెలుపు మన మాటలును విచార్యములు. సంస్కృతమున ‘ఉద్యోగము’ ప్రయత్నము, ‘పదవి’ త్రోవ. తెలుఁగున నవి కొలువును, అధికారస్థానమును. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. వర్తకులకును దేశీయులకును నడుమ నిలిచిన ‘దుబాసీ’ పేరు ద్విభాషిశబ్దభవము. 1843లో రాబర్టు నోబిలు ఆ పట్టణముననే ఆంగ్లపాఠశాల స్థాపించెను. పరభాష కొలువునకు ద్వార మయ్యెను.

తెలుఁగునందును ఇట్టి తారతమ్య మేర్పడినది. 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టవలన సేద్యమును, దానివెంట సంపదయు, విద్యయు, ముద్రణమును వృద్ధి నొందెను. ఇరువదవ శతాబ్దిలోఁ గృష్ణాగోదావరీమండలముల వాడుక పత్రికలకుఁ బ్రమాణ మయ్యెను. తెలంగాణ, ఉత్తరాంధ్రముల పలుకుబడి చలనచిత్రములందుఁ బరిహాసపాత్రమయ్యెను. ఇందులకుఁ గారణము నీరును ధనమునే కాని వ్యాకరణగుణము గాదు.

దివిసీమ శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు తెలుఁగుకావ్యమునకై యానతిచ్చినది కన్నడరాజనఁబడిన కృష్ణదేవరాయలకని ఆముక్తమాల్యద చెప్పుచున్నది. భాషాధికార మొక మండలమువారి సొత్తు గాదు. కావున ఉపాధ్యాయులు విద్యార్థి పలుకును దిద్దునపుడు దోష మేదియో, దేశభేద మేదియో మున్ముందు వివేచింపవలయును. దోషము దిద్దఁదగినది, దేశభేదము పరిహసింపఁదగినది గాదు.