పునర్నేరం (హైదరాబాదు)

శిక్ష అనుభవించిన వ్యక్తి తిరిగి నేరానికి దిగడం పునర్నేరం. పోలీసుల వాడుకలో అలాంటివారు ‘పాత నేరస్థులు’; కొందరిపై రౌడీషీటు తెరిచి నిఘా పెడతారు. 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద కొందరిని విచారణ లేకుండానే ఏడాది వరకు నిర్బంధించవచ్చు. తెలంగాణలో ఈ చట్ట ప్రయోగం తీరును 2023లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. నిర్బంధం నేరాన్ని వాయిదా వేస్తుందే గాని మాన్పించదు.

మాన్పించేది పని. చేతిలో డబ్బు, తలదాచుకునే చోటు లేకుండా జైలు గేటు దాటినవాడికి తొలి వారాలే గడ్డుకాలం. పాత సావాసం అప్పుడే పలకరిస్తుంది. అందుకే చంచల్‌గూడ జైలు వద్ద జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకు విలువైన ప్రయత్నం. అక్కడ ఖైదీలు కూలికి పనిచేస్తారు కాబట్టి బయటికి వచ్చే నాటికి చేతిలో కొంత డబ్బు ఉండే వీలుంది. ఇక జైలు అవసరమే లేని దారీ ఒకటుంది: మరణశిక్ష, యావజ్జీవం వర్తించని నేరాల్లో, తగిన కేసుల్లో దోషిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన పూచీపై విడిచే వీలు 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో ఉంది.