సంపుటానికి ముఖచిత్రం

మన దేశపు చిత్రకథలను గురించి వ్రాసినవారిలో పెక్కుమంది లోపలి పుటలను శ్రద్ధగా పరిశీలించినారు. అట్టను మాత్రం ఒకసారి చూచి దాటిపోయినారు. అట్ట అంగడివాని వ్యవహారమనీ, సాహిత్య చరిత్రకు దానితో పని లేదనీ ఒక భావం మనలో పాతుకొని ఉన్నది. విడి సంచిక విషయంలో ఈ ఉపేక్షను కొంత సహించవచ్చు. కాని పది సంచికలనో, నలభై సంచికలనో చేర్చి సంపుటంగా వెలువరించినప్పుడు ఎవరో ఒకరు కూర్చుండి, ఈ కథకంతటికీ ఇదీ ముఖం అని తీర్మానించవలసి వస్తుంది. ఆ తీర్మానం ఒక విధమైన వ్యాఖ్యానం. అది మన దేశంలో ఎట్లు జరుగుతూ వచ్చిందో, అందులో మనం ఏమి పోగొట్టుకొన్నామో చూడదగి ఉన్నది.

మొదట విడి సంచికను చూతాము. ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ ప్రచురణకర్తలు 1964 మార్చిలో ‘ఇంద్రజాల్ కామిక్స్’ను ఆరంభించినారు. తొలి సంచికలోని నాయకుడు లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్. హిందీ పాఠకులకు అతడు వేతాళుడు. ఆ బొమ్మలు అమెరికా దినపత్రికలలో రోజుకొక వరుసగా వచ్చినవి. దినపత్రికలో సాగే కథకు అట్ట ఎక్కడిది? కనుక కథ సముద్రాలు దాటి వచ్చినా, దాని ముఖం మాత్రం ఇక్కడ తయారు కావలసి వచ్చింది. ఆ ముఖచిత్రాలను ఎన్నింటినో వేసినవాడు బి. గోవింద్. కథలోని దేశం పేరు మన బెంగాలును స్ఫురింపజేస్తున్నదని సంపాదకులు దానిని ‘డెంకాలి’గా మార్చినారు, ‘సింగ్’ అనే సముద్రపు దొంగలను ‘సింగా’లుగా చేసినారు. ఈ పేర్ల మార్పు కంటె ఆ అట్టబొమ్మలే ఆ పరదేశిని మనవానిగా చేసినవని నా నమ్మకం.

రైల్వేస్టేషను దుకాణంలో తాడుకు వ్రేలాడే సంచిక, రైలు కదిలేలోగా పిల్లవాని చూపును పట్టుకోవలెను. ఒక మనిషి, ఒక అపాయం, వెనుక ఎర్రని ఆకాశమో దట్టమైన అడవియో ఉంటే చాలు. 1990లో ఆ ప్రచురణ ఆగిపోయినా, ఆ రకం అట్టకు అలవాటు పడిన కన్ను మనలో మిగిలి ఉన్నది.

1967లో అనంత్ పై సంపాదకత్వంలో ఇండియా బుక్ హౌస్ వారు మొదలుపెట్టిన ‘అమర్ చిత్ర కథ’కు అట్టతో వేరొక పని పడింది. తొలి పది సంచికలు పాశ్చాత్య కథలు; 11వ సంఖ్య ‘కృష్ణ’. దానికి బొమ్మలు వేసినవారు రామ్ వాయీర్కర్. తొలినాటి ముద్రణలలో ఖర్చుకు వెరచి లోపలి పుటలను పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులతో సరిపెట్టినారు. వర్ణచిత్రమన్న మాట అట్టకే చెల్లింది. ఇంటిలో పెద్దల అనుమతి కూడా ఆ అట్ట మీదనే ఆధారపడి ఉండేది. 1894లో రవివర్మ బొంబాయిలో స్థాపించిన లితో ముద్రణాలయం నుండి వెలువడి, గోడలకెక్కి, పూజగదులలో చేరిన దేవతల ముఖాలు ఈ అట్టలలో తొంగిచూస్తవి. తెలుగువారికి ఇది క్రొత్త కాదు. ‘చందమామ’ అట్టల మీద వడ్డాది పాపయ్యగారి బొమ్మలను చూచి పెరిగిన ఇళ్ళలో, పత్రిక పాతబడినా అట్టను పారవేయక దాచినవారిని నేనెరుగుదును.

ఇక సంపుటం. 1985 నుండి 1989 వరకు అదే సంస్థ మహాభారతాన్ని 42 సంచికలుగా ప్రచురించింది. బొమ్మలలో అధిక భాగం దిలీప్ కదమ్‌వి. సంచికకు 32 పుటల చొప్పున 1,300కు పైబడిన పుటలు తేలినవి. తరువాత వాటిని మూడు సంపుటాలుగా కూర్చినారు. మూడనగానే తెలుగువానికి కవిత్రయం గుర్తుకు రాక మానదు. కాని నన్నయ ఆగినచోటు వేరు, జిల్దు కుట్టువాడు ఆగేచోటు వేరు.

42 సంచికలకు 42 అట్టలు. వ్యాసుని జన్మతో మొదలై, భీష్ముని ప్రతిజ్ఞ, ద్రోణుని రాక, కర్ణుని రాక మీదుగా స్వర్గంలో పునస్సమాగమం వరకు ఒక్కొక్క అట్ట ఒక్కొక్క మెట్టు. వీటిలో దేనిని తీసి సంపుటం నెత్తిన పెట్టవలె? సాధారణంగా మన ప్రచురణకర్తల చేయి గీతోపదేశ రథం వైపు పోతుంది. కాలెండర్లు నేర్పిన దారి అది. నాకు ఆ ఎన్నిక నచ్చదు. రథం భగవద్గీతకు ముఖమే గాని భారతానికంతటికీ కాదు. దానిని ముందు పెట్టితే జూదమూ అరణ్యవాసమూ ఉపోద్ఘాతంగా, స్త్రీపర్వం అనుబంధంగా మారిపోతవి. యుద్ధం చూపి పిలిచిన పుస్తకంలో యుద్ధం కొరకే వెదకుతాడు పిల్లవాడు. పైగా 1988 అక్టోబరు నుండి దూరదర్శనంలో చోప్రా గారి ‘మహాభారత్’ ధారావాహిక వచ్చి, ప్రతి పాత్రకూ ఒక నటుని ముఖాన్ని తగిలించింది. 1985లో చిత్రకారునికి లేని ఆ పోటీ సంపుటపు అట్టకు వచ్చి పడింది.

పనితనం వైపు నుండి చూచినా చిక్కులు తక్కువ కావు. రెండు పిన్నులతో కుట్టిన 32 పుటల సంచికకు వెన్ను లేదు. సంపుటం కాగానే మొదట దానికి వచ్చేది వెన్నే. అలమారులో నిలిచిన తరువాత పాఠకునికి నిత్యం కనబడేదీ అదే. మూడు వెన్నులు ప్రక్కప్రక్కన చేరినప్పుడు ఏమగుపడుతుందన్న ఆలోచన మన ముద్రాపకులకు ఆలస్యంగా వచ్చింది. పాత అట్టనే పెద్దది చేసి వాడుదామంటే, చిత్రకారుని మూలచిత్రం దొరకాలి. అది లేక అచ్చు ప్రతి నుండి ఎత్తి వ్రాసినప్పుడు, బొమ్మతో పాటు అచ్చులోని రంగు చుక్కలు కూడా పెద్దవై, అర్జునుని చెక్కిలి మీద స్ఫోటకపు మచ్చలవలె తేలుతవి.

లిపి తెచ్చే ఇబ్బంది అనువాదకునికి బాగా తెలుస్తుంది. దేవనాగరి అక్షరాలు పైగీతకు వరుసగా వ్రేలాడుతూ చక్కని పట్టీవలె అట్ట పైభాగంలో ఒదిగిపోతవి. మన అక్షరానికి పైన గుడులూ, క్రింద ఒత్తులూ ఉన్నవి. అది నిలువునా చోటు అడుగుతుంది. కొన్ని ఏండ్ల క్రిందట ఒక ప్రచురణకర్త హిందీ చిత్రకథల సంపుటమొకదానిని తెలుగు చేయించి, హిందీ అట్టనే ఉంచి, పేరు మాత్రం మార్చినాడు. ఒత్తులు తిన్నగా వచ్చి నాయకుని కిరీటం మీద కూర్చున్నవి. నేను అభ్యంతరం చెప్పగా, ఒత్తు లేని పేరు పెట్టుమని నాకు సలహా ఇచ్చినాడు!

హాస్యకథలకు ఈ బాధ లేదు. ప్రాణ్ సృష్టించిన చాచా చౌధరీకి ఎర్రని తలపాగా, తెల్లని మీసాలు, చేతికర్ర ఉన్నవి. ఏ కథ అయినా, ఎన్ని కథలైనా ముఖం ఒక్కటే. వంగదేశంలో నారాయణ్ దేబ్‌నాథ్ 1965 నుండి ‘శుక్‌తారా’ పత్రికలో వేసిన బాంటుల్ కూడా అంతే. ఆ విశాలమైన ఛాతీ, గులాబిరంగు బనియను ఉంటే వేరే పేరు అక్కరలేదు. తొలిరోజులలో ఆ బొమ్మలు ఎరుపు, నలుపు రంగులతోనే అచ్చయినవి. ఆ లేమి నుండే ఆయనకు ఒక గుర్తు ఏర్పడినది. దశాబ్దాల పర్యంతం పత్రికలలో చెదరి ఉన్న ఆ కథలు ఆయన ముదిమిలో ‘సమగ్ర’ సంపుటాలుగా వచ్చినవి. 2021లో పద్మశ్రీ లభించింది. 2022 జనవరిలో ఆయన మరణించినారు. సంపుటం మీద ఆయన పేరు పెద్ద అక్షరాలలో ఉన్నది. ఈ భాగ్యం మన అట్టల చిత్రకారులలో ఎందరికి దక్కింది?

నా ఫిర్యాదు ఇదే. సంచికలను సంపుటంగా కూర్చునప్పుడు మొదట తొలగించేది విడి అట్టలను. కాగితం కలిసివస్తుంది, కథ ఆగకుండా సాగుతుంది, నిజమే. కాని ఆ అట్టలతో పాటు వాటిని వేసినవారి సంతకాలు కూడా పోతవి. ఆ సంతకం తప్ప వేరొక చోట పేరు అచ్చుకాని చిత్రకారులు ఉన్నారు.

ప్రచురణకర్తల సంపుటాలకు ముందే మన ఊళ్ళలో సంపుటాలున్నవి. అద్దె పుస్తకాల దుకాణంవారు అయిదారు సంచికలను కలిపి, గోధుమరంగు అట్టలు వేసి, వెన్నుకు గుడ్డ అంటించి కుట్టించేవారు. ముఖచిత్రం ఉండదు, చిన్న చీటీ మీద సిరాతో ఒక అంకె. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారపు పాత పుస్తకాలవాని వద్ద అటువంటి హిందీ జిల్దు నాకొకటి దొరికింది. లోపల అయిదు సంచికలు, అయిదు అట్టలూ భద్రంగా ఉన్నవి. కుట్టువాడు అంచులు సమం చేయుటకు మూడు వైపులా కోసినాడు. నాలుగవ అట్ట మూలనున్న సంతకంలో రెండక్షరాలు మాత్రం మిగిలినవి. వాటిని పట్టుకొని ఆ చిత్రకారుడెవరో పోల్చుకొనుటకు ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను.