గరిడీ గురువుకు జీతమెవరిచ్చారు?

హిందూపురంలోగాని ధర్మవరంలోగాని కరాటే బోర్డు కనిపించినప్పుడల్లా మా వైపు పెద్దలు ఒక మాట అంటూంటారు. "మా కాలంలో సాము నేర్పిన గురువు దమ్మిడీ ముట్టలేదు, వీళ్ళు బెల్టులమ్ముకుని బతుకుతున్నారు" అని. ఈ మాటలో రెండవ సగంతో నాకు పెద్ద తగవు లేదు. మొదటి సగమే చరిత్ర ముందు నిలవదు. గరిడీ ఏనాడూ ఉచితం కాదు. డబ్బు శిష్యుని చేతినుండి కాక మరొక చేతినుండి వచ్చేది, అంతే.

విద్యకు వెల కట్టరాదన్న భావం పాతదే. జీతం పుచ్చుకుని వేదం చెప్పేవాణ్ణి శ్రాద్ధభోజనానికి పిలవరాదని మనుస్మృతి శాసించింది. కేవలం పొట్టకూటికే విద్యను వాడుకునేవాడు జ్ఞానాన్ని సరుకు చేసిన వర్తకుడని కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఒక పాత్రచేత అనిపించాడు. చిత్రమేమిటంటే ఆ మాట ఆడినది రాజుగారి కొలువులో జీతం తీసుకునే నాట్యాచార్యుడే! ఇక అస్త్రవిద్యకు వస్తే ద్రోణుని కథ ఉండనే ఉంది. పేదరికం భరించలేక ద్రుపదుని దగ్గరకు వెళ్ళి అవమానపడి, హస్తినాపురం చేరి, భీష్ముడిచ్చిన ఇంటిలో కురుకుమారులకు గురువైనవాడు. ఏకలవ్యుని బొటనవ్రేలి సంగతి అందరికీ తెలుసు. నాకు అంతకంటె బరువుగా తోచేది భీష్మపర్వంలోని ఘట్టం. యుద్ధారంభంలో ధర్మరాజు వచ్చి నమస్కరించినప్పుడు, కౌరవుల ధనానికి కట్టుబడిపోయాను, నీ పక్షాన పోరలేనని ద్రోణుడు ఒప్పుకుంటాడు. శిష్యుని దగ్గర నెలనెలా రుసుము తీసుకునే గురువుకు ఈ దుస్థితి రాదు గదా అని నాకు ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

మన సీమకే వద్దాం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పాయిస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య వ్రాశాడు. తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, నూనె అంతా చెమటగా కారిపోయేవరకూ కత్తి త్రిప్పి, తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవాడట. ఆ మల్లుని జీతం సంగతి పదిహేనేళ్ళ తరువాత వచ్చిన న్యూనిజ్ వ్రాతలో దొరుకుతుంది. రాజు వద్ద వెయ్యిమంది మల్లులుండేవారనీ, వారిపై ఒక నాయకుడుండేవాడనీ, రాజ్యంలో వారికి మరే పనీ లేదనీ అంటాడు. పండుగనాడు చేతులలో ముళ్ళున్న కడియాలు ధరించి ఒకరినొకరు గాయపరచుకునేవారు. ఎక్కువ గాయపడినవాడు వెళ్ళి పట్టువస్త్రం బహుమతిగా పుచ్చుకునేవాడు! (మైసూరులో విజయదశమినాడు జెట్టీలు ఆడే వజ్రముష్టి దీనికి దాయాది అనుకోవచ్చు. అక్కడ మొదటి నెత్తుటి చుక్కతోనే ఆట ఆగిపోతుంది.) మంత్రి అనుమతితో జరిగే ద్వంద్వయుద్ధంలో చనిపోయినవాని ఆస్తి గెలిచినవానికి దక్కేదని కూడా అతడే వ్రాశాడు. బెల్టు పరీక్షకు వేయి రూపాయలడిగితే నొచ్చుకునే మనం ఈ లెక్కనేమనాలి?

1565లో తళ్ళికోట తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. చివరకు రాయలవారు ఇక్కడినుండి చంద్రగిరికి తరలిపోయారు. వారి వెనుక మిగిలినది పాళెగాళ్ళు. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసేనాటికి ఇక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్ళు, వారి క్రింద సుమారు 30,000 మంది ఆయుధధారులైన బంట్లు ఉండేవారని చెబుతారు. ఈ బంట్లనే కట్టుబడివాళ్ళు అనేవారు. వాళ్ళ జీతం రొక్కం కాదు, ఇనాము భూమి. అంటే మా సీమలో కత్తి పట్టడం నేర్చినవానికి, నేర్పినవానికి కూడా అన్నం పెట్టినది ఆ చేనే. ప్రతిగా పాళెగాడు ఎవరి మీదికి వెళ్ళమంటే వారి మీదికి వెళ్ళాలి. ప్రక్క ఊరిని దోచమన్నా సరే.

ఆనాడు మన్రో ప్రధాన కలెక్టరు. పాళెగాళ్ళను అణచి, బంట్ల చేతి ఆయుధాలు దింపించాడు. కట్టుబడి ఇనాములు క్రమంగా ప్రభుత్వం చేతికి పోయాయి. అలా భూమి పోగొట్టుకున్నవాళ్ళు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీయడంతో ఆ కథ ముగిసింది. అటుపైన సాము పండుగలకు పరిమితమైంది. పీర్ల పండుగలోనూ దసరాలోనూ కర్రసాము, కత్తిసాము బ్రతికాయి. నా చిన్నతనంలో పెనుకొండ దగ్గర ఒక ముసలి సాము గురువును చూశాను. రుసుము మాట ఎత్తేవాడు కాదు. అయితే శిష్యులు ఆయన చేను దున్నేవారు, కళ్ళంలో గింజలు కొలిచేవారు, పండుగకు పంచె, తలపాగా పెట్టేవారు. చేను దున్నడానికి ఎద్దులు లేనివాని కొడుకు ఆ గరిడీలో కనిపించలేదు. కొన్ని కులాలవారు అసలే కనిపించలేదు. "దమ్మిడీ ముట్టలేదు" అనేవారు ఈ సంగతి చెప్పరు. బోర్డు కట్టి ఇంత రుసుమని వ్రాసినవాడు కనీసం కులమడగడు.

మరి బెల్టుల మాట? దీని పుట్టుక కూడా మనమనుకున్నంత పురాతనం కాదు. జపానులో కానో జిగోరో 1882లో కోడోకాన్ స్థాపించి, మరుసటి ఏడు జూడోలో తొలి 'డాన్' స్థాయిలిచ్చాడు. తెలుపుకూ నలుపుకూ నడుమ రంగులు 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి వల్ల ప్రచారమయ్యాయి. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ మాత్రం ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో కాపలా కాసి, తోట ఊడ్చి బ్రతికాడు. చేతిలో కాసు లేక బట్టలు తాకట్టు పెట్టాడు. ఆయన పేదరికాన్ని నేటి గురువులకు నీతిపాఠంగా చూపడం నాకిష్టం లేదు. ఇల్లు గడవని గురువు విద్య కూడా గడవదు.

నాకున్న అభ్యంతరం వేరు. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి పిల్ల, నా చెల్లెలికి స్నేహితురాలి కూతురు, ఏడాదిన్నరలో గోధుమరంగు బెల్టు వరకు వచ్చింది. ప్రతి మెట్టుకూ రుసుము, ప్రతి రుసుముకూ తల్లి అదనంగా నేసిన గజాలు. ఆ పిల్లను ఒక్కసారి కూడా ఎవరూ నిజంగా ఎదిరించి పట్టుకోలేదు, ఎవరినీ విడిపించుకోలేదు. గాలిలో గ్రుద్దులే. ఆ ధైర్యంతోనే రాత్రి ట్యూషన్ నుండి ఒంటరిగా వస్తానంటుంది. ధర్మవరం పట్టుచీరలో జరీ కల్తీ అయితే కొన్నవారికి డబ్బే నష్టం. ఇక్కడి కల్తీ బయటపడేది చీకటి సందులో.

ప్రభుత్వ పాఠశాలల్లో ఆడపిల్లలకు సమగ్రశిక్ష క్రింద ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలలు. అందులో బెల్టు లేదు, తల్లి చెల్లించవలసిన రుసుమూ లేదు. మూడు నెలలలో ఏమి వస్తుందని మొన్న హిందూపురంలో అలా నేర్పుతున్న ఒకామెను అడిగాను. "చేయి విడిపించుకోవడం వస్తుంది, అరవడం వస్తుంది, పరుగెత్తడం వస్తుంది. కొట్టడం రాదు. ఆ మాట మొదటి రోజే చెప్పేస్తానండీ" అంది.